నడుము అన్నాడు

జనవరి 22, సోమవారం

నడుము అన్నాడు. నేను నడుమే రాశాను. రాయక ఏం చేయాలి?

ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో రోగికి ఒక్క గడే ఉంటుంది. ఇవాళ జరిగింది ఆ గడిలో పట్టదు. అందుకే ఈ నోటుబుక్కు తీశాను. ఇది ఎవరికీ చూపించేది కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊరికి ఫెల్డ్‌షర్‌ని. ఊళ్ళోవాళ్ళు డాక్టరమ్మ అంటారు, జిల్లావాళ్ళు నర్సు అంటారు, నేను ఆ రెంటికీ నడుమ ఉన్నదాన్ని. నాలుగు వందల గడపలకు సూది, మందు, కట్టు, కాన్పు అన్నీ ఈ బాటీనా చేతుల మీదే. ఇంతవరకు నా పని మీద ఒక్క ఫిర్యాదు లేదు.

పొద్దున ఏడింటికి తుర్సున్ వచ్చాడు. మా మరిది మెదెర్ కొడుకు. పద్నాలుగేళ్ళు. వాడికి ముందు ఇద్దరు పుట్టి పోతే, వీడైనా ఉండిపోవాలని ఆ అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. తల్లి నాజీ మాస్కోలో ఏదో పెద్ద దుకాణంలో నేల తుడుస్తుంది. వీడు నాన్నమ్మ దగ్గర, తండ్రి దగ్గర పెరుగుతున్నాడు. నడుంపట్టు కుస్తీ పడతాడు. వాడి వయసువాళ్ళలో వాణ్ణి ఎత్తి పడేసినవాడు జిల్లాలో లేడు. అలాంటివాడు వచ్చి నడుం నొప్పి అంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఎక్కడో పట్టు తప్పింది అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. మందు రుద్దాను. కుక్కబొచ్చుతో అల్లిన నడుంకట్టు బిగించాను. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. అప్పుడు ప్యాంటు దింపమన్నాను.

ఎడమవైపు వృషణం కోడిగుడ్డంత అయింది. పైకి ఎగదన్నుకుని ఉంది, తోలు నీలంగా తిరిగింది. మెలిపడింది. ఫెల్డ్‌షర్ల బడిలో దీని మీద ఒక్క పేజీ ఉండేది. లోపల దాన్ని వేలాడగట్టిన తాడు మెలితిరిగితే నెత్తురు ఆగిపోతుంది. ఆరు గంటల్లో విప్పితే బతుకుతుంది. ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది. ఒక రోజు దాటితే ఇక లేదు.

మెదెర్ జీపులో జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయాం. బయట మైనస్ ఇరవై ఎనిమిది డిగ్రీలు. రెండుచోట్ల మంచు తవ్వుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది. చేరేసరికి పన్నెండు కావస్తోంది. సర్జను కుర్రవాడు, నిదానస్తుడు.

"నొప్పి ఎప్పుడు మొదలైందండీ?" అని అడిగాడు.

"ఇవాళ పొద్దున."

"ఖాయమేనా?"

"రిజిస్టరులో రాశాను, చూసుకోండి" అన్నాను. పిల్లాణ్ణి లోపలికి తీసుకుపోయారు.

కోసి, మెలి విప్పి, వేడిగుడ్డ కప్పి చూశాడట. ముందు నల్లగా ఉందట. తర్వాత కాస్త రంగు వచ్చినట్టు అనిపించిందట. ఆరు గంటలే కదా, తేరుకుంటుంది అని తీసెయ్యకుండా లోపలే ఉంచాడు. రెండోవైపుది కూడా ఎప్పుడైనా మెలిపడొచ్చు, దాన్ని కదలకుండా కుట్టే పని రాజధానిలో, బిష్కెక్‌లో చేయించుకోండి అన్నాడు. మెదెర్ అతని చేతులు పట్టుకుని ఏడ్చాడు.

జనవరి 23

నడుము అంటే నడుమే.

జనవరి 25

ఆసుపత్రికి వెళ్ళొచ్చాను. తుర్సున్ మంచం మీద కూర్చుని, అత్తయ్య తెచ్చిన ఎండు పెరుగు ఉండలు కొరుకుతున్నాడు. జ్వరం లేదు. నన్ను చూసి దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. కడుపు కోసినవాడికి మెడ కప్పుకోవాల్సిన పనేమిటో.

ఊళ్ళో ఏం చెప్పాలన్నదాని మీద అత్తయ్య తీర్పు ఇచ్చేసింది.

"పేగువాపు, కోసి తీశారు. అంతే. ఇంకో మాట ఎవరి నోట్లోంచైనా వచ్చిందో, వాళ్ళు నా గడప తొక్కక్కర్లేదు."

"పేగువాపుకి కోత కుడిపక్క ఉంటుంది అత్తయ్యా" అన్నాను.

"నా మనవడి పొట్ట ఎవడు విప్పి చూస్తాడే? నువ్వు డాక్టరమ్మవి, నువ్వు అవునంటే అవుతుంది."

మెదెర్ నవ్వాడు. సోమవారం తర్వాత నవ్వడం అదే మొదలు. నాజీ మాస్కో నుంచి ఫోన్లో, "అక్కా, నువ్వు లేకపోతే నా కొడుకు ఏమైపోయేవాడు" అంది. నేను ఫోన్ అత్తయ్యకి ఇచ్చేశాను. ఫోన్లో సరిగా వినపడలేదు కూడా.

జనవరి 28, ఆదివారం

సోమవారం రాసిన పేజీలో ఒక తప్పుంది. చింపుదామనుకున్నాను, చింపలేదు.

వాడు మొదట వచ్చింది సోమవారం పొద్దున కాదు. ఆదివారం సాయంత్రం ఐదింటికి. ఇవాళ్టికి సరిగ్గా వారం.

ఆదివారం కేంద్రానికి సెలవు, అందుకని ఇంటికే వచ్చాడు. నేను ఉయ్యాల విందుకి బయల్దేరుతున్నాను, తలగుడ్డ ఇస్త్రీ చేసి కట్టుకున్నాను, గుమ్మంలో బండి ఆగి ఉంది. "పెద్దమ్మా, నడుం నొప్పి" అన్నాడు. మధ్యాహ్నం మూడు నుంచి అన్నాడు. నా మొహం చూడలేదు, పొయ్యి వైపు చూస్తూ చెప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మా ఊళ్ళో మగవాళ్ళు నడుము అంటే ఏమిటో నాకు తెలియదా? కింది దాన్ని పేరు పెట్టి అనడం మర్యాద కాదు, అందుకని నడుము అంటారు. పిల్లలు పుట్టనివాణ్ణి నడుము లేనివాడంటారు. పెంచుకున్న కొడుకు కాదు, సొంత కొడుకు అని చెప్పాలంటే నడుములో పుట్టినవాడంటారు. ఇరవై ఆరేళ్ళుగా ముసలాళ్ళు నా దగ్గరికొచ్చి నడుము అంటే, ఏ నడుమో అడగకుండానే వైద్యం చేశాను. పద్నాలుగేళ్ళ పిల్లాడు చెవులు ఎర్రబడి నడుము అంటే మాత్రం నడుముకు కట్టు కట్టాను.

అడగచ్చు. "ఏదీ, చూపించు" అనచ్చు. వాడు మా ఆయన తమ్ముడి కొడుకు, మీసం రాబోతున్న పిల్లాడు, నాకూ మొహమాటంగా అనిపించింది. బండి హారన్ కొట్టింది. కట్టు కట్టి పంపేశాను. విందులో రెండు సార్లు నాట్యమాడాను.

రిజిస్టరులో సోమవారం ఏడు గంటలు అని రాసింది, పొద్దున వాడు మళ్ళీ వస్తే చూశాక, జీపు రాకముందు. ఆదివారం సెలవు కాబట్టి ఆ రోజు గడి ఎలాగూ ఉండదు. కనుక అది అబద్ధమని ఎవరూ అనలేరు.

ఫిబ్రవరి 6

ఇంటికొచ్చి పదిరోజులు. కుట్లు ఆరాయి. ఇవాళ అత్తయ్యను బయటికి పంపి పరీక్ష చేశాను. ఎడమది గట్టిపడింది, చిన్నదవుతోంది. నొప్పి లేదంటాడు. నొక్కితే ఏమీ తెలియడం లేదంటాడు. బతికిన దానికి తెలియాలి.

ఫిబ్రవరి 9

బిష్కెక్‌లో పిల్లల సర్జను డాక్టర్ సల్కిన్ గారికి ఫోన్ చేశాను. పదేళ్ళ కిందట ఆవిడ శిక్షణకి వెళ్ళాను, గుర్తుపట్టింది.

"ఆరు గంటల్లో విప్పితే ఇలా కుంచించుకుపోదే, బాటీనా. గంటల లెక్కలో ఎక్కడో తేడా ఉంది. నీకు ఖాయంగా తెలుసా?"

"తెలుసండీ."

"సరే, లెక్క సంగతి తర్వాత. అది చచ్చిపోయి ఉంటే లోపల ఉంచకూడదు. రెండోదానికే ముప్పు."

ఎందుకని అడిగాను. మా బడిలో ఉన్న ఒక్క పేజీలో ఇది లేదు. ఆవిడ తీరిగ్గా చెప్పింది, నేను మందుల అట్టపెట్టె వెనక రాసుకున్నాను. ఒంట్లో కాపలా కాసే కణాలు పసితనంలోనే మనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో నేర్చేసుకుంటాయట. వీర్యకణాలేమో మీసాలొచ్చే వయసుకు గానీ పుట్టవు. కాపలావాళ్ళు వాటి మొహం ఎప్పుడూ చూసి ఉండరు. అందుకని వృషణంలో రెంటికీ మధ్య ఒక గోడ ఉంటుంది. నెత్తురు ఆగి కండ చచ్చిపోతే ఆ గోడ కూలుతుంది. కాపలావాళ్ళు లోపలికి వచ్చి, ఈ పరాయివాళ్ళెవర్రా అని వాళ్ళ మీద ఆయుధాలు తయారు చేస్తారు. ఆ ఆయుధాలు నెత్తురులో తిరుగుతూ బాగున్న రెండోదాని మీద కూడా పడొచ్చు.

"అందరికీ పడవు. చదువుకున్నవాళ్ళలోనే దీని మీద తగాదాలున్నాయి. కానీ చచ్చినదాన్ని కడుపులో పెట్టుకుని పందెం కాయడం దేనికి? పైగా రెండోది ఇంకా కుట్టలేదంటున్నావు. అదీ మెలిపడిందంటే మీసం మొలవడానికి కూడా జీవితాంతం సూదులే. వెంటనే తీసుకురా."

ఫిబ్రవరి 10

మెదెర్ గొర్రెల దొడ్డిలో ఉన్నాడు. అక్కడే చెప్పాను, ఇంట్లో అయితే అత్తయ్య వింటుంది.

"వదినా, మళ్ళీ కత్తా? సర్జను ఏమన్నాడు, ఆరు గంటలే, బతుకుతుంది అన్నాడు. అన్నాడా లేదా?"

"అన్నాడు. కానీ చిన్నదవుతోంది మెదెర్."

"వాపు తగ్గితే చిన్నదవదా? కోసినవాడి మాట వినాలా, ఫోన్లో ఆవిడెవరో చెప్పింది వినాలా? ఉన్న ఒక్క కొడుకుని తీసుకెళ్ళి, నా చేత్తో సంతకం పెట్టి విత్తు కొట్టించనా? పొట్టేళ్ళకు కొడతాను నేను. కొట్టాక అది ఎట్లా నిలబడుతుందో నాకు తెలుసు."

"ఒకటి తీస్తే విత్తు కొట్టినట్టు కాదు. రెండోది చాలు. ఆ రెండోదాన్ని కాపాడమనే చెప్తున్నాను."

"ఆరు గంటలు, వదినా. ఆయనే చెప్పాడు. ఆరు గంటలైతే బతుకుతుంది."

నేను మూర్ఖుడా అని తిట్టాను. దొడ్డి తలుపు దడాలున వేసి వచ్చాను. ఎంత చెప్పినా వినడు, వీళ్ళ వంశమే అంత. మా ఆయనా ఇంతే.

ఫిబ్రవరి 11

వాడు పట్టుకుని వేలాడుతున్న ఆరు గంటలు నేను ఇచ్చినవి.

ఫిబ్రవరి 14

ఇవాళ మళ్ళీ వెళ్ళి చెప్పాను. నాజీకి కూడా ఫోన్ చేసి చెప్పాను. నాజీ ఏడ్చింది, "ఆయన ఏమంటే అదే అక్కా" అంది. ఈ ఊళ్ళో నా మాట వినేవాళ్ళు లేరు. నేను చేయగలిగింది చేస్తున్నాను.

చేయగలిగింది అంతా చేయడం లేదు. ఇది నేను రాసుకోవాలి.

ఫిబ్రవరి 19

తుర్సున్ బడి నుంచి నేరుగా కేంద్రానికి వచ్చాడు. సంచీ దించకుండా నిలబడ్డాడు.

"పెద్దమ్మా, రెండోది కూడా పోతుందా?"

"ఎవరన్నారు?"

"దొడ్డిలో నువ్వూ నాన్నా అరుచుకుంటే గొర్రెలు కూడా విన్నాయి."

నవ్వబోయాను. వాడు నవ్వలేదు.

"పోకుండా చూడొచ్చు. చిన్న పనే. కుడిదాన్ని మూడు కుట్లు వేసి కదలకుండా చేస్తారు, ఎడమదాన్ని తీసేస్తారు."

"మరి నాన్న ఒప్పుకోవట్లేదు కదా. ఆరు గంటలని." వాడు కిటికీ వైపు తిరిగాడు. "ఆ రోజు సర్జను నన్ను కూడా అడిగాడు పెద్దమ్మా, మత్తు ఇచ్చే ముందు. పొద్దున్నే అన్నాను. నువ్వు అట్లా చెప్పావని విన్నాను, నేనూ అట్లాగే చెప్పాను."

"ఎందుకు చెప్పావురా?"

"తప్పు నాదే కదా. నేను సరిగ్గా చెప్పలేదు. నడుము అన్నాను. నువ్వు నడుముకే కట్టావు. నీకు మాట రాకూడదని చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పను, నువ్వు భయపడకు."

నేను భయపడకూడదట. పద్నాలుగేళ్ళవాడు, ఒకటి పోయి, రెండోది ఉంటుందో లేదో తెలియక, నన్ను కాపాడుతున్నాడు. నాలుగు వారాలుగా వాడు ఈ బరువు మోస్తుంటే నేను మెదెర్‌ని మూర్ఖుడని తిట్టాను.

"తప్పు నీది కాదు" అన్నాను.

"మరి ఎవరిది?"

టీ పెట్టి ఇచ్చాను. తాగి వెళ్ళాడు. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. రేపు చెప్తాను. రేపు చెప్పకపోతే ఈ ఉద్యోగానికి, ఈ తెల్లకోటుకి నేను తగను.

ఫిబ్రవరి 20

చెప్పాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర. అత్తయ్య, మెదెర్, తుర్సున్. మాంసం ఇంకా పళ్ళెంలోనే ఉంది. కూర్చోకుండా, నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్ళీ ఏదో మాట్లాడి లేచి వచ్చేస్తానని నాకు తెలుసు.

"వీడు నా దగ్గరికి వచ్చింది సోమవారం కాదు, ఆదివారం ఐదింటికి. నొప్పి మూడింటికే మొదలైంది. నాకు అనుమానం వచ్చింది. విందుకి ఆలస్యమవుతుందని, మొహమాటమని అడగలేదు. తర్వాత రిజిస్టరులో సోమవారం అని రాశాను, సర్జనుకి అబద్ధం చెప్పాను. ఆరు గంటలు కాదు మెదెర్, ఇరవై రెండు గంటలు. అది ఆ రోజే చచ్చిపోయింది. ఆరు గంటలని నమ్మి ఆయన లోపల ఉంచాడు. దాన్ని తీయించాలి."

ముందుగా అత్తయ్యే నోరు తెరిచింది.

"ఇప్పుడెందుకు చెప్పావే? చెప్పనిదానివి చెప్పకుండానే చావలేకపోయావా? నాలుగు వారాలు నోరు మూసుకున్నదానికి ఐదో వారం ఏం దురద పుట్టింది?"

"రెండోది పోతుందని చెప్తున్నాను అత్తయ్యా."

"నాన్నమ్మా, నేనే నడుము అని..." అన్నాడు తుర్సున్.

"నువ్వు నోరు ముయ్యి" అన్నాను నేను. వాడి మీద కోపం కాదది. "నువ్వు చెప్పాల్సిందే చెప్పావు. ఊళ్ళో ఏ మగాడైనా ఆ మాటే అంటాడు. విని అర్థం చేసుకోవాల్సింది నేను, జీతం తీసుకునేది అందుకు."

మెదెర్ లేచాడు. చెయ్యి ఎత్తుతాడనుకున్నాను. ఎత్తినా బాగుండేది.

"నా అన్న భార్యవి కాబట్టి ప్రాణాలతో బయటికి వెళ్తున్నావు. ఇంకోసారి ఈ గుమ్మంలోకి రాకు."

వచ్చేశాను. దారంతా ఏడ్చాను. కానీ నడుస్తూ ఏడ్చాను, ఆగలేదు, ఎవరు చూసినా చూడనిమ్మని మొహం కప్పుకోలేదు.

ఫిబ్రవరి 22

జిల్లా ఆరోగ్య కార్యాలయానికి ఒక ఉత్తరం, సర్జనుకి ఒక ఉత్తరం రాసి పంపాను. రోజు, గంట, నేను చేసింది, నేను రాసింది. రిజిస్టరులో పాత గీత కొట్టెయ్యలేదు, దాని కింద ఎర్ర సిరాతో అసలు సంగతి రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు. సూది వేయడం చేతులు మర్చిపోవు.

ఫిబ్రవరి 25

పొద్దున గేటు బయట హారన్. మెదెర్ జీపు. లోపల వెనక సీట్లో తుర్సున్, ఒళ్ళో నాన్నమ్మ కట్టిచ్చిన రొట్టెల మూట. మెదెర్ అద్దం దించలేదు, తుర్సున్ దించాడు.

"పెద్దమ్మా, ఆ బిష్కెక్ డాక్టరుకి ఏం చెప్పాలో మాకు తెలియదట. నువ్వు రావాలట."

ఆరు గంటల ప్రయాణంలో మెదెర్ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కనుమ మీద టీ కోసం ఆగినప్పుడు మూడు గ్లాసులు చెప్పాడు. మూడోది నాదేనని నేను అర్థం చేసుకున్నాను.

ఫిబ్రవరి 28

అయిపోయింది. ఎడమది తీసేశారు. నల్లబడి, గట్టిపడి ఉందట. కుడిది ఎర్రగా, చక్కగా ఉందట, మూడు కుట్లు వేసి కదలకుండా చేశారు.

సల్కిన్ గారు నన్ను నడవాలో నిలబెట్టి దులిపేసింది. "ఐదు వారాలు, బాటీనా. నేను ఫోన్లో అడిగాను. ఖాయమేనా అని అడిగాను." నేను తల దించలేదు, సమర్థించుకోనూ లేదు. అడిగారు, నేను అబద్ధం చెప్పాను అన్నాను. ఆవిడ, సరే రా, టీ తాగు అంది.

తర్వాత తండ్రీకొడుకుల్ని కూర్చోబెట్టి చెప్పింది. మెదెర్ టోపీ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

"ఒకటి ఆరోగ్యంగా ఉంటే మగతనానికి కావలసిన హార్మోను అదొక్కటే తయారుచేస్తుంది. గొంతు మారుతుంది, మీసం వస్తుంది, కండ వస్తుంది. పిల్లలు కూడా పుడతారు, చాలామందికి. తల లోపల బఠాణీ గింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. అది కిందికి కబురు పంపిస్తుంది, పని చెయ్యి అని. కింద పని సరిగా నడవకపోతే అదే కబురు మరీ గట్టిగా పంపిస్తుంది. నెత్తురు తీసి ఆ కబురు ఎంత గట్టిగా ఉందో చూస్తాం. నేను నీకు చెప్పిన ఆయుధాలు, బాటీనా, అవీ ఉన్నాయేమో చూస్తాం. ఇప్పుడు చూస్తే తెలియదు. జూన్‌లో చూద్దాం."

"అవి ఉంటే?" అని అడిగాడు మెదెర్.

"ఉంటే, పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అని మళ్ళీ చూస్తాం. ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. ఇంతకంటే చెప్పలేను, చెప్తే అబద్ధం అవుతుంది."

మార్చి 21, నూరూజ్

కొత్త సంవత్సరం పండగ పోటీల్లో తుర్సున్‌కి కుస్తీ ఈ ఏడాది లేదు. మైదానం పక్కన కూర్చుని ఈలలు వేస్తున్నాడు. నేను బ్యాండేజీల పెట్టెతో వాడికి పది అడుగుల దూరంలో ఉన్నాను. కిందటేడు వాడి చేతిలో ఓడిపోయిన పిల్లాడు, పొట్టిగా, భుజాలున్నవాడు, వచ్చి గుచ్చాడు.

"ఏరా, పేగు తీస్తే నడుంపట్టుకి దడుపా? మా మావయ్యకి పేగు తీశారు, వారానికి గుర్రం ఎక్కాడు."

"పేగు కాదు" అన్నాడు తుర్సున్. మామూలు గొంతుతోనే. "ఎడమ విత్తు. మెలిపడింది. చచ్చిపోయింది. తీసేశారు."

పక్కనున్న నలుగురూ నవ్వడం మొదలుపెట్టారు. తుర్సున్ కూడా నవ్వాడు.

"నవ్వండి. నేను ఆరోజు నడుము అన్నాను, అందుకే పోయింది. మీకు నొప్పి వస్తే నడుము అనకండి. విత్తు అనండి. గొర్రెదైతే అనట్లేదా?"

నవ్వు ఎక్కువసేపు సాగలేదు. భుజాలవాడు వాడి పక్కనే చతికిలబడి, "నొప్పి ఎట్లా ఉంటుందిరా" అని అడిగాడు. నేను పెట్టెలో దూదికోసం వెతుకుతున్నట్టు వంగాను. గర్వమే అది. ఏడుపు కూడా.

ఏప్రిల్ 4

జిల్లా నుంచి కాగితం వచ్చింది. తీవ్ర మందలింపు, ఏడాదిపాటు పర్యవేక్షణ. ఉద్యోగం ఉంచారు. ఇంత దూరం రావడానికి ఇంకెవరూ దొరకలేదని నాకు తెలుసు.

ఏప్రిల్ 11

బడి డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆరు నుంచి పదకొండో తరగతి దాకా మగపిల్లలతో గంటసేపు మాట్లాడతానన్నాను. ఏమిటని అడిగాడు, చెప్పాను. కళ్ళద్దాలు తీసి తుడిచాడు.

"సిగ్గుండాలి బాటీనా గారూ. ఆడమనిషి మీరు. తల్లిదండ్రులు నన్ను తంతారు."

"సంతలో మీరు పొట్టేలు కొనేటప్పుడు చూశాను. ముందు కింద చెయ్యి పెట్టి రెండూ ఉన్నాయా లేవా అని చూస్తారు, తర్వాతే పళ్ళు చూస్తారు. చుట్టూ మా ఆడవాళ్ళందరం ఉంటాం. అప్పుడు సిగ్గు ఎక్కడుంటుంది?"

"అది గొర్రె."

"గొర్రెకున్న విలువ మీ పిల్లలకి లేదా?"

ఫ్లూ మీద ఉపన్యాసం అని కాగితంలో రాసుకుంటానన్నాడు. ఏమైనా రాసుకోండి, తలుపు తీయండి అన్నాను. శుక్రవారం.

ఏప్రిల్ 13

చెప్పాను. నలభై మూడు మంది. మొదటి పది నిమిషాలు నేల చూశారు. నేను చేసిన తప్పుతో మొదలుపెట్టాను, ఎవరి పిల్లాడో చెప్పలేదు. వెనక బెంచీలోంచి తుర్సున్ తనే చెయ్యెత్తాడు.

మే 30

అత్తయ్య ఇవాళ సంతలో ఎదురైంది. మొహం తిప్పుకుని వెళ్ళిపోయి, వెనక్కి వచ్చి, "నా బీపీ మాత్రలు అయిపోయాయి" అంది. రేపు పంపిస్తానన్నాను. "పంపించడమెందుకు, తెచ్చివ్వు" అని వెళ్ళిపోయింది. మెదెర్ గేటు నాకు ఇంకా తెరుచుకోలేదు. మాత్రలు గేటు బయటే ఇస్తాను.

జూన్ 3

నెత్తురు ఇచ్చి రావడానికి తండ్రీకొడుకులిద్దరే బిష్కెక్ వెళ్ళారు. ఫలితం పదిరోజుల్లో పోస్టులో. నన్ను రమ్మనలేదు. రమ్మనకపోవడం న్యాయమే. తుర్సున్ గొంతు రెండు రోజులుగా పగులుతోంది. గేటు దగ్గర నుంచి "పెద్దమ్మా" అని పిలిస్తే సగం వాడు, సగం ఇంకెవరో పిలిచినట్టుంది. ఇద్దరం నవ్వాం.

జూన్ 14

మధ్యాహ్నం మెదెర్ కేంద్రానికి వచ్చాడు. గుర్రం దిగి, కట్టి, లోపలికి వచ్చి, బల్ల మీద కవరు పెట్టాడు. చింపి ఉంది. రష్యన్‌లో అంకెలు, పొట్టి అక్షరాలు. వాడికి చదవడం వచ్చు గానీ ఇవి అర్థం కావు. తుర్సున్ గుమ్మం బయట నిలబడ్డాడు.

"చదువు వదినా."

ఫిబ్రవరి తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది.

చదివాను. మగ హార్మోను వయసుకు తగ్గట్టే ఉంది, బాగుంది. తలలోంచి వచ్చే కబుర్లు రెండూ మామూలుగా ఉన్నాయి, ఎక్కడా గట్టిగా లేవు. రెండోది తన పని తాను చేస్తోంది. మెదెర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం తుడుచుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

కింద ఇంకో వరస ఉంది. ఆయుధాలు. ఉన్నాయి. తక్కువే, కానీ ఉన్నాయి.

వాడి మొహం వైపు చూశాను. అయిదు నెలల తర్వాత ఆ మొహంలో వెలుగు వచ్చింది. ఆ వరస చదవకపోతే వాడికి తెలియదు. కాగితం మడిచి కవరులో పెట్టి, అంతా బాగుంది, వెళ్ళు, పొట్టేలు కొయ్యి అనచ్చు. సల్కిన్ గారికి ఒక్క ఫోన్ చేసి, ఆరునెలల తర్వాత ఏదో వంక పెట్టి పిల్లాణ్ణి నేనే తీసుకెళ్ళచ్చు. ఎవరికీ నష్టం లేదు. ఇవన్నీ నా తలలోకి వచ్చాయి. రాలేదని ఇక్కడ రాయను.

"ఇంకో వరస ఉంది మెదెర్" అన్నాను. చదివాను. నిదానంగా, ఏదీ వదలకుండా. తక్కువగా ఉన్నాయి, రెండోదాన్ని ఇప్పటికి ఏమీ చేయలేదు, ముందు ముందు చేస్తాయో లేదో ఎవరికీ తెలియదు, ఆరునెలలకు మళ్ళీ చూడాలి. "లోపల ఐదు వారాలు ఉంచకపోయుంటే ఇవి ఉండేవి కావేమో. అది కూడా ఖాయంగా చెప్పలేను."

బయట తుర్సున్ అన్నీ విన్నాడు, గుమ్మంలోకి వచ్చి తండ్రి వెనక నిలబడ్డాడు.

"ఇంకోసారి చదువు" అన్నాడు మెదెర్.

మళ్ళీ చదివాను, మొదటి అక్షరం నుంచి. ఈసారి వాడు కాగితం మీద వేలు పెట్టి, ప్రతి వరస దగ్గరా ఆపి, ఇది ఏమిటి, ఇది ఎంత ఉండాలి, ఇది ఎంత ఉంది అని అడిగాడు. ప్రతిదానికీ చెప్పాను. తుర్సున్ కూడా వంగి చూశాడు. చివరి వరస దగ్గర మెదెర్ వేలు ఆగింది.

"డిసెంబరులో దీన్ని మళ్ళీ ఎవరు చదువుతారు?"

"నేనే" అన్నాను.

మెదెర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే మంచు పడకముందే బయల్దేరాలి, ముగ్గురం" అన్నాడు.